అంతర్జాలంలో బాలల రక్షణ సంస్థలు

అంతర్జాలంలో బాలల రక్షణ సంస్థలు అనగా ఇంటర్నెట్, సెల్‌ఫోను మొదలగు సాధనముల ద్వారా వ్యాపించు హానికర విషయముల నుండి 18 సంవత్సరముల లోపు బాలబాలికలను కాపాడుటకు కృషి చేయుచున్న ప్రభుత్వ, ప్రభుత్వేతర సంస్థలు. బాలలపై జరిగిన లైంగిక అత్యాచారముల చిత్రాలను, వీడియోలను గుర్తించి తొలగింపజేయుట, ఫిర్యాదులను స్వీకరించి పోలీసులకు చేరవేయుట, బాధిత బాలలకు ఆశ్రయము, వైద్యము, న్యాయ సహాయము సమకూర్చుట, విద్యార్థులకు, తల్లిదండ్రులకు అవగాహన కలిగించుట వీటి ముఖ్యమైన పనులు. తెలుగు ప్రాంతములో ఈ రంగమున విశేషముగా పేర్కొనదగినది హైదరాబాదుకు చెందిన ప్రజ్వల. ఆ సంస్థ 2015లో సుప్రీం కోర్టుకు వ్రాసిన ఒక లేఖ భారతదేశములో జాతీయ సైబర్ నేర ఫిర్యాదుల పోర్టల్ ఏర్పడుటకు దారితీసినది.

సమస్య స్వరూపం

బాలలకు అంతర్జాలములో కలుగు హాని రెండు విధములు. మొదటిది, బాలలు చూడదగని విషయములు వారి కంటబడుట. అశ్లీల దృశ్యాలు, హింస, జూదము, ఆత్మహత్యకు పురికొల్పు ఆటలు ఈ కోవలోనివి. రెండవది, బాలలే ఆ దృశ్యములలో బాధితులగుట. ఈ రెండవది మిక్కిలి తీవ్రమైనది. అత్యాచారము ఒకమారు జరిగినను, దాని చిత్రము ఒక ఫోను నుండి మరొక ఫోనుకు చేరిన ప్రతిసారి ఆ బిడ్డకు హాని మరల జరుగుచున్నట్లే. నేరస్థునికి శిక్ష పడిన పిమ్మట కూడ ఆ చిత్రము సంచరిస్తూనే ఉండవచ్చును. అందువలన ఈ సంస్థలు నేరస్థుని పట్టించుటతో పాటు ఆ చిత్రమును ఎక్కడెక్కడ ఉన్నదో వెదకి తొలగించుటకును సమాన ప్రాధాన్యత ఇచ్చుచున్నవి.

"బాలల అశ్లీల చిత్రాలు" అను మాట వాడుకలో ఉన్నను, అది జరిగిన నేరమును తేలికపరచుచున్నదని ఈ రంగములో పనిచేయువారు చాలాకాలముగా చెప్పుచున్నారు. సుప్రీం కోర్టు 2024 సెప్టెంబరు 23న ఇచ్చిన తీర్పులో ఈ అభిప్రాయమునే అంగీకరించి, న్యాయస్థానములు ఆ మాటను విడిచి "బాలల లైంగిక దోపిడీ, అత్యాచార సామగ్రి" అను అర్థము వచ్చు పదమును వాడవలెనని ఆదేశించినది.

చరిత్ర

అమెరికాలో 1984లో నేషనల్ సెంటర్ ఫర్ మిస్సింగ్ అండ్ ఎక్స్‌ప్లాయిటెడ్ చిల్డ్రన్ (క్లుప్తంగా ఎన్.సి.ఎం.ఇ.సి.) స్థాపించబడినది. తప్పిపోయిన పిల్లలను వెదకుటకు ఏర్పడిన ఈ సంస్థ 1998లో సైబర్ టిప్‌లైన్ అను ఫిర్యాదుల కేంద్రమును ప్రారంభించినది. అమెరికా చట్టము ప్రకారము అక్కడి ఇంటర్నెట్ కంపెనీలు తమ సేవలలో బాలల అత్యాచార చిత్రములు ఉన్నట్లు తెలిసినచో ఈ కేంద్రమునకు తెలియజేయవలెను. ఆ కంపెనీల సేవలను ప్రపంచమంతటను వాడుచున్నందున, ఇతర దేశములకు చెందిన సమాచారము కూడ ఇచ్చటికే చేరుచున్నది.

బ్రిటనులో 1996లో ఇంటర్నెట్ వాచ్ ఫౌండేషన్ ఏర్పడినది. ఇది ప్రజల నుండి ఫిర్యాదులు స్వీకరించి, అట్టి పేజీల చిరునామాల జాబితాను ఇంటర్నెట్ సేవాదారులకు అందజేయును. వివిధ దేశములలోని ఇటువంటి హాట్‌లైన్లు 1999లో ఇన్‌హోప్ అను సమాఖ్యగా కలిసినవి.

భారతదేశములో 2004 చివర ఢిల్లీలో జరిగిన ఒక సంఘటన ఈ సమస్యను అందరి దృష్టికి తెచ్చినది. ఇద్దరు పాఠశాల విద్యార్థులకు సంబంధించిన సెల్‌ఫోను దృశ్యము బాజీ.కామ్ అను వేలము వెబ్‌సైటులో అమ్మకమునకు పెట్టబడినది. ఆ వెబ్‌సైటు ముఖ్యాధికారి అరెస్టు కాగా, ఇతరులు పెట్టిన విషయమునకు వెబ్‌సైటు ఎంతవరకు బాధ్యత వహించవలెనను ప్రశ్న తలెత్తినది. సమాచార సాంకేతిక చట్టమునకు (2000) 2008లో జరిగిన సవరణలలో ఈ చర్చ ప్రభావము కలదు. ఆ సవరణలు 2009 అక్టోబరు 27 నుండి అమలులోనికి వచ్చినవి.

చట్టములు

- సమాచార సాంకేతిక చట్టము, 67బి సెక్షను: బాలలను లైంగికముగా చూపు దృశ్యములను ప్రచురించుట, పంపుట, వెదకుట, దిగుమతి చేసుకొనుట నేరము. మొదటిసారి 5 సంవత్సరముల వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా. మరల చేసినచో 7 సంవత్సరముల వరకు జైలు.
- పోక్సో చట్టము (2012): 2012 నవంబరు 14న అమలులోనికి వచ్చినది. 13, 14, 15 సెక్షనులు బాలలను అశ్లీల ప్రయోజనములకు వాడుకొనుట, అట్టి దృశ్యములను నిల్వ చేయుట గురించినవి. 2019 సవరణ తరువాత 14వ సెక్షను క్రింద కనీస శిక్ష 5 సంవత్సరములు.
- ఇదే చట్టములోని 19వ సెక్షను ప్రకారము నేరము జరిగినట్లు తెలిసిన ఏ వ్యక్తియైనను పోలీసులకు తెలుపవలెను. తెలుపకపోవుట 21వ సెక్షను క్రింద శిక్షార్హము. ఈ నియమము ఉపాధ్యాయులకు, వైద్యులకు కూడ వర్తించును.
- 23వ సెక్షను: బాధిత బాలల పేరు, ఫొటో, చిరునామా, పాఠశాల వంటి వివరములను ప్రచార సాధనములు వెల్లడించరాదు.
- మధ్యవర్తి సంస్థల నియమములు (2021): సామాజిక మాధ్యమ సంస్థలు ఫిర్యాదుల అధికారిని నియమించవలెను. ఒకరి నగ్న దృశ్యము గూర్చి బాధితులు ఫిర్యాదు చేసినచో 24 గంటలలో తొలగించవలెనని 2021లో నిర్ణయించబడినది.
- డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము (2023): 18 సంవత్సరముల లోపు వారి సమాచారమును సేకరించుటకు తల్లిదండ్రుల అనుమతి అవసరము. దీని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. అమలుకు దశలవారీ గడువు ఇవ్వబడినది.

పైన పేర్కొన్న 2024 తీర్పుకు మూలము మద్రాసు హైకోర్టు తీర్పు. బాలల దృశ్యములను ఫోనులో దిగుమతి చేసుకొని చూచుట మాత్రమే నేరము కాదని ఆ హైకోర్టు 2024 జనవరిలో ఒక కేసును కొట్టివేసినది. జస్ట్ రైట్స్ ఫర్ చిల్డ్రన్ అలయన్స్ అను స్వచ్ఛంద సంస్థల కూటమి దీనిపై సుప్రీం కోర్టును ఆశ్రయించగా, ప్రధాన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్, న్యాయమూర్తి జె.బి. పార్దీవాలా గల ధర్మాసనము ఆ తీర్పును రద్దు చేసినది. చెరిపివేయక, ఫిర్యాదు చేయక, పంచుకొను ఉద్దేశముతో నిల్వ ఉంచుకొనుట కూడ నేరమేనని స్పష్టము చేసినది.

ప్రజ్వల

ప్రజ్వల 1996లో హైదరాబాదులో సునీతా కృష్ణన్, బ్రదర్ జోస్ వెట్టికాటిల్ కలిసి స్థాపించిన సంస్థ. ఆ సంవత్సరము పాతబస్తీలోని మెహబూబ్ కీ మెహందీ అను వేశ్యావాటికను ఖాళీ చేయించగా, అక్కడి స్త్రీలు నిలువ నీడ లేనివారైరి. వారి పిల్లలు తల్లుల వృత్తిలోనికి పోకుండుటకై ఖాళీ అయిన ఒక వేశ్యాగృహములోనే ప్రజ్వల తొలి పాఠశాల ప్రారంభమైనది. తరువాత అక్రమ రవాణాకు గురియైన స్త్రీలను, బాలికలను విడిపించుట, వారికి ఆశ్రయము, చేతిపని శిక్షణ ఇచ్చుట సంస్థ ప్రధాన కార్యక్రమములైనవి. సునీతా కృష్ణన్‌కు 2016లో పద్మశ్రీ పురస్కారము లభించినది. ఆమె నిర్మాతగా వ్యవహరించిన నా బంగారు తల్లి చిత్రము ఉత్తమ తెలుగు చిత్రముగా 61వ జాతీయ పురస్కారమును పొందినది.

2015 ఫిబ్రవరిలో వాట్సాప్‌లో సంచరించుచున్న రెండు సామూహిక అత్యాచార వీడియోలు సునీతా కృష్ణన్‌కు అందినవి. వాటిలో నేరస్థులు తమ ముఖములను దాచుకొనక నవ్వుచు కనిపించుచుండిరి. ఆమె బాధితుల ముఖములను కనబడకుండ చేసి, నేరస్థులను గుర్తించవలసినదిగా ప్రజలను కోరుచు వాటిలోని భాగములను వెల్లడించెను. కొద్ది కాలములోనే ఆమె వాహనముపై హైదరాబాదులో రాళ్ళదాడి జరిగినది. ఫిబ్రవరి 18న ప్రజ్వల నాటి ప్రధాన న్యాయమూర్తి హెచ్.ఎల్. దత్తుకు ఒక లేఖను, వీడియోలు గల పెన్‌డ్రైవును పంపినది. సుప్రీం కోర్టు ఫిబ్రవరి 27న ఆ లేఖను తనంత తానుగా వ్యాజ్యముగా స్వీకరించి, దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించినది. సి.బి.ఐ. కొందరు నిందితులను అరెస్టు చేసినది.

న్యాయమూర్తులు మదన్ బి. లోకూర్, యు.యు. లలిత్ గల ధర్మాసనము ఈ వ్యాజ్యమును ఆ రెండు వీడియోలకే పరిమితము చేయలేదు. ఇటువంటి దృశ్యములు అంతర్జాలములో వ్యాపించకుండ ఆపుట సాధ్యమా అను విషయమును పరిశీలించుటకు 2017 మార్చిలో ఒక సంఘమును నియమించినది. ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక శాఖ అదనపు కార్యదర్శి అజయ్ కుమార్ దీనికి అధ్యక్షుడు. గూగుల్, మైక్రోసాఫ్ట్, యాహూ, ఫేస్‌బుక్, వాట్సాప్ ప్రతినిధులు ఇందులో పాల్గొన్నారు. న్యాయవాది అపర్ణా భట్ ప్రజ్వల తరఫున, ఎన్.ఎస్. నప్పినై న్యాయస్థానమునకు సహాయకురాలిగా వ్యవహరించిరి. అందరు అంగీకరించిన సిఫారసులను 2017 అక్టోబరులో కోర్టు ఆమోదించినది. శోధన యంత్రములలో నిరోధించవలసిన పదముల జాబితాను భారతీయ భాషలకు విస్తరించుట, పేరు చెప్పకుండ ఫిర్యాదు చేయు సౌకర్యము కల్పించుట వాటిలో ముఖ్యమైనవి.

దాని ఫలితముగా కేంద్ర హోం శాఖ 2018 సెప్టెంబరు 20న స్త్రీలు, బాలలపై జరుగు సైబర్ నేరముల ఫిర్యాదులకై ఒక పోర్టల్‌ను ప్రారంభించినది. 2019 ఆగస్టులో దీనిని అన్ని విధముల సైబర్ నేరములకు విస్తరించి జాతీయ సైబర్ నేర ఫిర్యాదుల పోర్టల్‌గా తీర్చిదిద్దినారు.

జాతీయ స్థాయి సంస్థలు

- జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘం: 2005 చట్టము క్రింద 2007 మార్చిలో ఏర్పడినది. దీని మొదటి అధ్యక్షురాలు నెల్లూరులో జన్మించిన శాంతా సిన్హా. బాలకార్మిక నిర్మూలనకు కృషి చేసిన ఎం.వి. ఫౌండేషన్‌కు ఆమె ప్రసిద్ధులు, 2003లో మెగసెసె పురస్కారము పొందినవారు. ఈ సంఘము 2016 ఆగస్టులో పోక్సో ఈ-బాక్స్ అను ఫిర్యాదు సౌకర్యమును ప్రారంభించినది.
- జాతీయ నేర నమోదు సంస్థ (ఎన్.సి.ఆర్.బి.): 2019 ఏప్రిల్‌లో అమెరికా సంస్థ ఎన్.సి.ఎం.ఇ.సి.తో ఒప్పందము చేసుకొన్నది. దానితో భారతదేశమునకు సంబంధించిన సైబర్ టిప్‌లైన్ సమాచారము నేరుగా అందుచున్నది.
- భారతీయ సైబర్ నేర సమన్వయ కేంద్రం: 2020 జనవరి 10న ప్రారంభమైనది. రాష్ట్రముల పోలీసుల మధ్య సమన్వయము దీని బాధ్యత.
- సి.బి.ఐ. ప్రత్యేక విభాగం: బాలలపై ఆన్‌లైన్ లైంగిక నేరముల దర్యాప్తునకు 2019లో ఏర్పడినది. 2021 నవంబరులో ఆంధ్రప్రదేశ్ సహా 14 రాష్ట్రములు, కేంద్రపాలిత ప్రాంతములలో ఒకేసారి సోదాలు జరిపినది. 2022 సెప్టెంబరులో ఆపరేషన్ మేఘచక్ర పేరిట మరల సోదాలు జరిగినవి.
- ఆరంభ్ ఇండియా: ముంబైలోని ప్రేరణ సంస్థకు అనుబంధము. ఇంటర్నెట్ వాచ్ ఫౌండేషన్ సహకారముతో 2016 సెప్టెంబరులో దేశములో తొలి హాట్‌లైన్‌ను నెలకొల్పినది.
- చైల్డ్‌లైన్ 1098: 1996లో ముంబైలో ప్రారంభమైన ఉచిత టెలిఫోను సేవ. 2023 నుండి ప్రభుత్వమే దీనిని మిషన్ వాత్సల్య క్రింద నిర్వహించుచు, 112 అత్యవసర సేవతో అనుసంధానించినది.

తెలుగు రాష్ట్రములలో

హైదరాబాదులోని సి-డాక్ కేంద్రము సమాచార భద్రతా అవగాహన కార్యక్రమము క్రింద పిల్లలకు, ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు బొమ్మల కథలు, చేతిపుస్తకములు రూపొందించినది. ఇవి తెలుగుతో సహా పలు భారతీయ భాషలలో లభించును. అదే నగరమునకు చెందిన ఎండ్ నౌ ఫౌండేషన్ పాఠశాలలలో సైబర్ భద్రతపై అవగాహన సదస్సులు జరుపుచున్నది. బాలల హక్కుల సంఘము వ్యవస్థాపకుడు అచ్యుతరావు (మరణము 2020) బాలల విషయమై కమిషన్లకు, పోలీసులకు తరచుగా ఫిర్యాదులు చేసి ప్రసిద్ధులైరి.

తెలంగాణ పోలీసు శాఖ 2014 అక్టోబరులో షీ టీములను, 2016లో భరోసా కేంద్రమును ప్రారంభించినది. భరోసాలో పోలీసు, వైద్య, న్యాయ సహాయములు ఒకేచోట లభించుట వలన బాధిత బాలిక తన కథను పలుచోట్ల పదేపదే చెప్పవలసిన అవసరము తగ్గినది. మహిళా భద్రతా విభాగము 2020లో సైబ్‌హర్ పేరిట ఆన్‌లైన్ అవగాహన కార్యక్రమము నిర్వహించినది. 2023లో ఏర్పడిన తెలంగాణ సైబర్ భద్రతా బ్యూరోలో బాలల రక్షణకు ప్రత్యేక విభాగము కలదు.

2024 జూలైలో ఒక తెలుగు యూట్యూబరు తన మిత్రులతో కలిసి తండ్రీకూతుళ్ళ వీడియోపై ప్రత్యక్ష ప్రసారములో చేసిన అసభ్య వ్యాఖ్యలు తెలుగువారిలో తీవ్ర ఆగ్రహము కలిగించినవి. సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ ఈ విషయమును రెండు రాష్ట్రముల ప్రభుత్వముల దృష్టికి తెచ్చెను. తెలంగాణ సైబర్ భద్రతా బ్యూరో కేసు నమోదు చేసి అతనిని బెంగుళూరులో అరెస్టు చేసినది. తల్లిదండ్రులు ముచ్చటగా అంతర్జాలములో పెట్టు పిల్లల వీడియోలు ఎవరి చేతిలో ఏ విధముగా మారగలవో ఈ ఉదంతము తెలియజేసినది.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరిలో దిశ యాప్ ప్రారంభమైనది. 2025 మార్చిలో దీని స్థానమున శక్తి యాప్ వచ్చినది. 2020 ఆగస్టులో పోలీసు శాఖ ఈ-రక్షాబంధన్ పేరుతో నెల రోజుల పాటు స్త్రీలకు, బాలలకు సైబర్ నేరములపై ఆన్‌లైన్ శిక్షణ ఇచ్చినది. ఆస్ట్రేలియాలో 16 ఏళ్ళ లోపు వారికి సామాజిక మాధ్యమ ఖాతాలపై నిషేధము 2025 డిసెంబరు 10న అమలులోనికి రాగా, అటువంటి చట్టమును పరిశీలించుచున్నట్లు రాష్ట్ర మంత్రి నారా లోకేశ్ 2026 జనవరిలో తెలిపిరి.

గ్రామీణ మండలములలో రక్షణ వ్యవస్థ

పై సంస్థలలో అధిక భాగము మహానగరములలో ఉన్నవి. గ్రామములలోని బాలలకు దగ్గరగా ఉండునవి ఇతర వ్యవస్థలు. నల్లమల అడవుల చెంతనున్న రుద్రవరం మండలమును ఉదాహరణగా తీసికొనవచ్చును. ఆళ్లగడ్డ శాసనసభ నియోజకవర్గములోని ఈ మండలము 2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుండి విడివడిన నంద్యాల జిల్లాలో చేరినది. 2016 తరువాత చౌకయైన ఇంటర్నెట్, 2020లో కరోనా కాలపు ఆన్‌లైన్ తరగతులు ఇటువంటి వ్యవసాయ ప్రాంతములలో సైతము పిల్లల చేతికి ఫోనును తెచ్చినవి. తల్లిదండ్రులు పొలము పనులకు పోయిన వేళ పిల్లవాడు ఫోనులో ఏమి చూచుచున్నాడో గమనించువారు ఉండరు. ఫోను వాడుకలో తల్లిదండ్రుల కంటె పిల్లలే నేర్పరులగుట మరొక చిక్కు.

ఇట్టి గ్రామములో ఒక బాలిక ఫొటోను చూపి ఎవరైనను బెదిరించుచున్నచో, ఫిర్యాదు క్రింది మార్గములలో నడచును.

- గ్రామ సచివాలయములోని మహిళా పోలీసుకు, పాఠశాల ప్రధానోపాధ్యాయునికి లేదా అంగన్‌వాడీ కార్యకర్తకు చెప్పవచ్చును. సచివాలయ వ్యవస్థ 2019 అక్టోబరు 2న ప్రారంభమైనది.
- 1098 లేదా 112 నంబరుకు ఫోను చేయవచ్చును. జాతీయ పోర్టల్‌లో పేరు తెలుపకుండ కూడ ఫిర్యాదు చేయవచ్చును.
- మండల పోలీసు స్టేషనులో ఫిర్యాదు చేయవచ్చును. నేరము వేరొక స్టేషను పరిధిలో జరిగినను ఫిర్యాదును స్వీకరించి, జీరో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి ఆ స్టేషనుకు పంపవలెను.
- పోలీసులు 24 గంటలలో బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక న్యాయస్థానమునకు తెలియజేయవలెను.
- బాలిక వాంగ్మూలమును ఆమె ఇంటివద్ద లేదా ఆమె కోరిన చోట, సాధ్యమైనంత వరకు ఎస్.ఐ. స్థాయికి తగ్గని మహిళా అధికారి నమోదు చేయవలెను. ఆ అధికారి యూనిఫారములో ఉండరాదు. బాలలను రాత్రివేళ పోలీసు స్టేషనులో ఉంచరాదు.
- సాధ్యమైనంత వరకు ఒక సంవత్సరములోపు విచారణ ముగియవలెను.

ఫిర్యాదు చేయువారు ఆ చిత్రమును సాక్ష్యముగా ఇతరులకు పంపుట తగదు. సదుద్దేశముతో పంపినను అది వ్యాప్తిని పెంచును, చట్టరీత్యా చిక్కులు తెచ్చును. పేజీ చిరునామా, పంపినవారి నంబరు లేక ఖాతా పేరు, తేదీ, సమయము వ్రాసియుంచుకొని అధికారులకు ఇచ్చుట సరియైన పద్ధతి. "పరువు పోవును" అను భయముతో ఇంటివారు విషయమును కప్పిపుచ్చుటయే బెదిరించువానికి పెద్ద బలము. బాధిత బాలల వివరములను గోప్యముగా ఉంచవలెనను చట్టము ఈ భయమును దృష్టిలో ఉంచుకొని చేసినదే.

పని విధానము

పెద్ద సంస్థలు చిత్రములను హాష్ అను పద్ధతిలో గుర్తించుచున్నవి. ఒక చిత్రము నుండి గణితరీత్యా ఒక సంఖ్యను తయారు చేయుదురు. అది ఆ చిత్రమునకు వేలిముద్ర వంటిది. ఒకమారు గుర్తించిన చిత్రపు వేలిముద్ర జాబితాలో ఉన్నచో, ఎవరైనను దానిని మరల పెట్టబోయినపుడు కంప్యూటరు ఆపివేయును. మైక్రోసాఫ్ట్ 2009లో ఆచార్య హనీ ఫరీద్ సహకారముతో రూపొందించిన ఫొటోడీఎన్ఏ చిత్రపు పరిమాణము, రంగు కొంత మారినను గుర్తించగలదు. అయితే ఈ పద్ధతి పాత చిత్రములనే పట్టుకొనును. కొత్త చిత్రములను మనుషులు చూచి నిర్ణయించవలసి ఉన్నది. హైదరాబాదు ఇట్టి పరిశీలన పనులకు ఒక కేంద్రము. దినమంతయు ఘోర దృశ్యములు చూచు ఉద్యోగుల మానసిక ఆరోగ్యము చర్చనీయాంశమైనది. ఫేస్‌బుక్ 2020లో అమెరికాలోని పరిశీలకులకు 5.2 కోట్ల డాలర్ల పరిహారమునకు అంగీకరించినది.

విమర్శలు, పరిమితులు

సైబర్ టిప్‌లైన్ ద్వారా 2022లో భారతదేశమునకు సంబంధించి 56 లక్షలకు పైగా నివేదికలు వచ్చినవి. అదే సంవత్సరము దేశములో బాలలపై సైబర్ నేరములుగా నమోదైన కేసులు 1,823 మాత్రమే (2021లో 1,376). ఒకే చిత్రము వేలమార్లు పంచబడుట వలన నివేదికల సంఖ్య పెరుగునన్నది నిజమే అయినను, రెండు అంకెల మధ్యగల అంతరము దర్యాప్తు యంత్రాంగపు కొరతను సూచించుచున్నది.

వెబ్‌సైట్ల నిషేధముపై భిన్నాభిప్రాయములు కలవు. 2015 జూలై 31న కేంద్రము 857 వెబ్‌సైట్లను మూసివేయుటకు ఆదేశించి, విమర్శలు రాగా కొద్ది దినములలోనే బాలల దృశ్యములు లేనివాటికి మినహాయింపు ఇచ్చినది. మూసివేసిన వెబ్‌సైటు మరొక పేరుతో తెరచుకొనుట సామాన్యము. సందేశములను పంపినవారు, అందుకొన్నవారు తప్ప మరెవరును చదువలేని గుప్తలేఖన పద్ధతి పౌరుల గోప్యతకు రక్షణ. నేరస్థులకును అదే మరుగు. ఆపిల్ సంస్థ ఫోనులలోని చిత్రములను పరిశీలించు పథకమును 2021లో ప్రకటించి, గోప్యతావాదుల అభ్యంతరముల నడుమ 2022లో విరమించుకొన్నది. యంత్రముల పొరపాట్లు కూడ ఉన్నవి. 2021లో అమెరికాలో ఒక తండ్రి జబ్బుపడిన కుమారుని ఫొటోను వైద్యునికై తీయగా గూగుల్ అతని ఖాతాను మూసివేసినది. నేరమేమియు లేదని పోలీసులు తేల్చిన పిమ్మట కూడ ఖాతా తిరిగి రాలేదు.

కృత్రిమ మేధతో తయారగు చిత్రములు నూతన సవాలు. ఇంటర్నెట్ వాచ్ ఫౌండేషన్ 2023 అక్టోబరు నివేదికలో, ఒకే చీకటి వేదికపై ఒక నెలలో 20,000కు పైగా ఇట్టి కృత్రిమ చిత్రములు కనబడినట్లు తెలిపినది. పాఠశాల వార్షికోత్సవ ఫొటో నుండి సైతము నకిలీ దృశ్యము తయారు చేయుట నేడు సాధ్యము. ఇట్టి చిత్రమునకు పాత వేలిముద్ర ఉండదు గనుక హాష్ పద్ధతి దానిని గుర్తించలేదు. ఈ కారణమున బాలలు భయపడక పెద్దలకు చెప్పుకొను వాతావరణమును ఇంటిలో, బడిలో కల్పించుటకు అవగాహన సంస్థలు నేడు ఎక్కువ ప్రాధాన్యత ఇచ్చుచున్నవి.

ఇవి కూడా చూడండి

- ప్రజ్వల
- పోక్సో చట్టం
- సమాచార సాంకేతిక చట్టం, 2000
- శాంతా సిన్హా
- బాలల హక్కులు
- రుద్రవరం మండలం